నంబరు కొట్టాల్సిన చోటు

"కాగితాలేవి?" అన్నాడు బ్రేకు ఇన్‌స్పెక్టరు
హైవే పక్కన ఆపి.
బండి మీద పడవ, పడవలో ఇంజను,
ఇంజను మీద గోనెపట్ట.
పడవకున్నాయి సార్, చూపించా.
ఇంజనుకున్నాయి, డీజిలు కార్డుంది,
నాకు ఆధారుంది.
"కింద చక్రాలున్నదానికి?"

ఇద్దరం కిందికి చూశాం.
పంతొమ్మిదేళ్లలో దాన్ని
అట్టా వొంగి ఎవరూ చూసుండరు.

కావలి ఆఫీసులో మేడమ్ ఫారం తీసింది.
తయారుచేసిన కంపెనీ?
కాలేషా, అన్నా.
కంపెనీ అడుగుతున్నా, అంది.
ట్రంకురోడ్డు వెనక రేకుల షెడ్డు మేడమ్,
బోర్డు లేదు,
నీలం నిప్పు కనపడితే తెరిచినట్టు.
ఇరుసు పాత జీపుది,
నెల్లూరులో తూకానికి కొన్నాం.
పైపులు రొయ్యలచెరువోళ్లు వొద్దన్నవి.
చక్రాలు రెండూ ఒక ఈడువి కావు,
ఒకటి అంబాసిడర్‌ది, ఇంకోటి దేనిదో
కాలేషాకే తెలుసు.
కాలేషా పొయ్యి ఆరేళ్లు.

తేదీ?
సునామీకి పోయిన పడవల బదులు
కొత్తవిచ్చిన ఏడు. అమావాస్య ముందురోజు.
బిల్లు?
సగం డబ్బులు, సగం చందువాలు.
రంగు?
ఏ పొర మేడమ్?
ఆమె నవ్వలేదు. నీలం, అని రాసుకుంది.

నోటరీ కాడ వంద రూపాయల స్టాంపు కాగితం.
తుమ్మలపెంట పట్టపుపాళెం కాపురస్తుడు
కొమారి పోలేరయ్య అను నేను
సదరు ట్రైలరును దొంగిలించలేదని
మనస్ఫూర్తిగా ప్రమాణం.
సాక్షి సంతకానికొచ్చిన అంకమ్మొదిన
ఆఫీసు అదిరేట్టు నవ్వింది:
"దాన్నెవడు ఎత్తకపోతాడు అబ్బయ్యా,
ఎడంచక్రం ఈల కాలవకట్ట దాటకముందే
గంపలేసుకోని బయటికొస్తాం గదా!"
ఆ మాట కూడా రాయమన్నా.
నోటరీ రాయలేదు.

రాయనివి ఇంకా ఉండాయి.
తుఫాను రేత్రి
పదకొండు పడవలు ఇసక మీంచి కాలవకట్టకి లాగింది ఇదే.
ఏడో దానికి ట్రాక్టర్లో డీజిలైపోయింది,
ఆణ్ణించి మనుషులమే కట్టుకున్నాం.
పన్నెండోది సోమయ్యది.
దానికోసం తిరిగి పోయేసరికి
ఒడ్డు లేదు.
సోమయ్య ఇప్పటికీ ఈ బండి ఎదురైతే
బీడీ ముట్టించుకునే నెపాన అటు తిరుగుతాడు.
ఫారంలో ఆ గడి లేదు.

ఖాళీ బరువు కోసం రైసుమిల్లు కాటా ఎక్కించాం.
నాలుగొందల ఎనభై కిలోలు.
చీటీ ఇంత పొడుగు, సగం సిరా.
దాని బతుకులో మొదటి కాగితం.
చొక్కా జేబులో పెట్టుకుంటే
చెమటకి తడుస్తుందేమోనని
చేతిలోనే పట్టుకోనొచ్చా.

చివరికి ఆఫీసు ఒక నంబరిచ్చింది,
కాడి మీద కొట్టించుకు రమ్మంది.
గీకితే నీలం కింద పచ్చ,
పచ్చ కింద ఎన్నికలప్పుడు ఎవరో పూసిన రంగు,
దాని కింద ఎర్రమట్టి లాంటి ప్రైమరు,
దాని కింద అతుకు.
చీమలబారు మాదిరి, ఒక్క చీమా తప్పిపోకుండా.
ఇన్‌స్పెక్టరు వేలితో దాని పొడుగునా తడిమి
"ఎవరు చేశారు?" అన్నాడు.
ఈసారి చేతిలో పెన్ను లేదు.
మళ్లీ చెప్పా.

ఇప్పుడు షెడ్డు సుభానీది.
అప్పుడు కడ్డీలందించిన పిల్లోడు,
గడ్డం సగం నెరిసింది.
ఉస్తాదు అచ్చుల పెట్టె దించి
గుడ్డ మీద వరసగా పేర్చాడు.
ఏడు లేదు.
పెట్టె బోర్లించాం, బెంచీ కింద చీపురేశాం.
నంబర్లో రెండు ఏడులున్నాయి.
సుభానీ కాసేపు ఆలోచించి
ఉలి తీసుకోని
అడ్డంగా ఒక దెబ్బ, వాలుగా ఒక దెబ్బ.
రెండోది కొంచెం ఒరిగింది.

గ్రీజు పూసి ఉంచు మావా,
ఉప్పు ముందు అంకెలే తింటాది, అన్నాడు.
పూశా.
ఎవరన్నా ఆపితే
బొటనవేలితో తుడిచి చూపిస్తన్నా.
చూసినోళ్లు పొయ్యాక
మళ్లీ ఆ వేలితోనే మూస్తన్నా.